అల్లుడి వెనక పరుగెత్తిన రాధాబాయి

మా అత్తమ్మ రాధాబాయి గురించి చెప్పాలంటే ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. తప్పదు. ఆమె దారికి అడ్డం నిలబడ్డది నేనే మరి.

నా పేరు వంశీధర్‌రావు. కరీంనగర్‌లో ఒక గ్రానైట్ కంపెనీ ఆఫీసులో పని చేస్తాను. పొద్దంతా కుర్చీలో కూర్చునే కొలువు కాబట్టి పొట్ట దానంతట అదే వచ్చింది. కోపం మాత్రం పుట్టుకతోనే ఉంది. నా భార్య రచన కాలేజీలో పాఠాలు చెబుతుంది. రోజూ తెల్లవారకముందే లేచి మానేరు డ్యాం కట్ట మీద పరుగెత్తుతుంది. నా పొట్ట చూడలేక నన్నూ లాక్కుపోవడం మొదలుపెట్టింది.

అత్తమ్మ వాళ్లది జమ్మికుంట. మామయ్య సుదర్శన్‌రావు అక్కడి పత్తి మార్కెట్లో కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి వ్యాపారి, గొంతు పెద్దది, మనసూ పెద్దదే. అత్తమ్మ పుట్టి పెరిగింది మాత్రం జైనూర్‌లో, గుట్టల మధ్య. ఆమె తండ్రి అక్కడి బడిలో పంతులు. ఆ రోజుల్లో ఆదిలాబాద్ పోవాలంటే పొద్దున ఒకటే బస్సు. పంతులుగారికి తయారు కావడం ఎన్నడూ తెమలదు. బస్సు హారన్ వినబడగానే కూతురిని తోలేవారట. ఆమె గుట్టకు అడ్డంపడి దిగి, రోడ్డు మలుపులో బస్సుకు ఎదురు నిలబడి, తండ్రి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చేదాకా డ్రైవర్‌ను మాటల్లో పెట్టేదట.

"గా బస్సు నన్ను ఒక్కనాడు గెలువలే" అని ఇప్పటికీ చెప్పుకొని మురిసిపోతుంది.

పెళ్లయి జమ్మికుంటకు వచ్చిన కొత్తలో ఒకరోజు డాబా మీద మిరపకాయలు ఎండబోశారు. ఉన్నట్టుండి వాన కొట్టింది. కొత్త కోడలు మెట్ల మీద పరుగు అందుకుంది. కింద నుంచి వాళ్ల అత్తగారి కేక వినబడింది. "ఏందే గా ఉరుకుడు? మనింటి ఆడోళ్లు ఉరుకరు. మెల్లగ నడువు!" మెల్లగానే నడిచింది. మిరపకాయలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆ ఒక్క మాటతో ఆమె పరుగు ఆగిపోయింది. అటు తర్వాత పాలు పొంగనీ, బస్సు పోనీ, మా అత్తమ్మ నడిచే పోయింది.

నిరుడు వానాకాలం మా ఇంటికి వచ్చినప్పుడు, ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందిలే అని రచన ఆమెను కూడా డ్యాం కట్టకు తీసుకువచ్చింది. మొదటిరోజు బెంచీ మీద కూర్చుని నీళ్లు చూసింది. మర్నాడు నడిచింది. ఆ వారం చివర్లో రచన చెవిలో "కాళ్లు ఆగుతలేవే బిడ్డా" అంది. తల్లీబిడ్డలు బూట్ల దుకాణానికి పోతే అక్కడి మనిషి "సార్ సైజు ఎంతమ్మా?" అని అడిగాడట. "సార్‌కు వద్దు, సార్ నడువడు. నాకే ఇయ్యి" అందట మా అత్తమ్మ. పది రోజులకని వచ్చిన మనిషి నెలల తరబడి ఉండిపోయింది. జమ్మికుంటలో మామయ్య వంటమనిషి మీద కేకలేస్తూ బతికాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా వైపు అల్లుడంటే మామూలు సంగతి కాదు. నేను హాల్లోకి వస్తే అత్తమ్మ కొంగు తల మీదికి పోతుంది, ఆమె వంటింట్లోకి పోతుంది. నేను తినందే తినదు. నేను ఎదురుగానే కూర్చుని ఉంటాను, అయినా "అల్లుడు చాయ్ తాగుతడా అడుగు" అని రచనతో అంటుంది. ఈ మర్యాదంతా మూటగట్టుకొని ఆమె డ్యాం కట్ట మీదికి కూడా వచ్చింది. పరుగుకోసం చీర పోయి పంజాబీ డ్రెస్ వచ్చింది గానీ చున్నీ మాత్రం నెత్తి మీదే. ఎప్పుడూ నాకు రెండడుగులు వెనకే. నేను ఆయాసపడి ఆగితే ఆమె ఆగి డ్యాం నీళ్ల వైపు చూస్తుంది. నేను లేసు కట్టుకుంటే ఆమె చున్నీ సర్దుకుంటుంది. పాపం, వయసు మీదపడ్డ మనిషి, నన్ను అందుకోలేకపోతోందని నేను జాలిపడేవాడిని.

"అత్తమ్మా, ముక్కుతోని గాలి పీల్చుండ్రి" అని నేర్పేవాడిని కూడా. ఆమె తల ఊపేది.

ఒకరోజు రచనకు ఒళ్లు మండింది. "నువ్వు ఆమెకు నేర్పుతున్నవా? నీ ఎన్క ఆమె ఉరుకుతలేదు, నడుస్తుంది. నిన్ను దాటొద్దని కాళ్లు కట్టేసుకున్నట్టు వస్తుంది. జర ఎనుకకు తిరిగి చూడు!"

నాకు కోపం వచ్చి ఆ పూట అన్నం మానేశాను. దాంతో అత్తమ్మ కూడా మానేయాల్సి వచ్చింది.

అలా ఉండగా జైనూర్ గుట్టల్లో అడవి పరుగు పెడుతున్నారని రచనకు తెలిసింది. ఇరవై అయిదు కిలోమీటర్లు. మా ఇద్దరి పేర్లు రాస్తుంటే జైనూర్ మాట చెవిన పడి అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. నేను ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయి "నా పేరు గూడ రాయి" అంది.

ఆ పరుగుకు ఒక నియమం ఉంది. చివరి గుట్ట మీద ఒక టెంటు ఉంటుంది. పదకొండు గంటలకు ముందు దాన్ని దాటాలి. దాటలేనివాళ్లను జీపులో కిందికి దింపేస్తారు. రచన అది చదివి వినిపిస్తే అత్తమ్మ ముఖం మారిపోయింది.

"గా గుట్టలు నాయి. నేను నా కాళ్లతోటే దిగుత. జీపుల మాత్రం దిగ" అంది. ఆ ఒక్కటే ఆమెకు కావలసింది. పతకం గురించి అడగనేలేదు.

మామయ్య ఫోన్‌లో ఇల్లెగిరిపోయేలా నవ్వాడు. "మీరు ఉరుకుండ్రి, నేను చాయ్ పట్టుకొని కింద కూసుంట. ఎవరన్న అడిగితే మీరెవరో నాకు ఎర్కలేదని చెప్త" అన్నాడు.

డిసెంబరు చలి. జైనూర్‌లో తెల్లవారుతుండగా నూరుమందిమి దాకా గీత దగ్గర నిలబడ్డాం. నోరు తెరిస్తే పొగ వస్తోంది. విజిల్ పడగానే రచన చేయి ఊపి మొగుడినీ తల్లినీ వదిలేసి జింకలా పోయింది. నేను బయల్దేరాను. నా వెనక రెండడుగుల దూరంలో అత్తమ్మ.

కొంతదూరం పత్తి చేలు, తర్వాత టేకు చెట్లు, మధ్యలో రాళ్ల వాగు. వాగు దాటేటప్పుడు నేను ఒక కాలు నీళ్లలో వేసి తిట్టుకున్నాను. వెనక చప్పుడే లేదు, ఆమె రాళ్ల మీదుగా ఒక్క చుక్క తగలకుండా దాటింది. పైగా ఏదో పాట కూనిరాగం తీస్తోంది. నాకు ఊపిరి అందడం లేదు, ఆమెకు పాట వస్తోంది! అయినా నాకు అర్థం కాలేదంటే నా బుద్ధి ఎలాంటిదో మీరే చూడండి.

ఒక గూడెం దగ్గర ఊరి ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో అత్తమ్మ ఈడు మనిషి ఒకామె, శంకరవ్వ అని పక్కవాళ్లు పిలుస్తున్నారు. "రామ్ రామ్ బాయీ" అని గ్లాసు ఇచ్చింది. అత్తమ్మ తాగకుండా దాన్ని నా వైపు చూపించింది. నేను తాగేదాకా ఆగి అప్పుడు తాగింది. శంకరవ్వకు నవ్వాగలేదు.

"గాయన ఎవరు బాయీ?"

"మా అల్లుడు."

"అల్లుడైతే ఇంటికాడ పీట ఎయ్యి, పప్పన్నం పెట్టు. గీడ గూడ ఆయన ఎన్కనే ఉంటవా? ఆయన పని అయిపోయింది, ముఖం చూస్తలేవా!"

అందరూ ఘొల్లున నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. రోషంకొద్దీ గుట్ట ఎక్కే దారిలో జోరు పెంచాను. ఆ రోషమే నా కొంప ముంచింది. సగం ఎక్కానో లేదో కుడి తొడ కండరం పట్టేసింది. అమ్మో అని అరిచి దారి మధ్యలోనే కూలబడ్డాను. ఆ దారి ఒక మనిషి పట్టేంత సన్నం. ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ.

అందరికన్నా చివర వచ్చే రాకేశ్ అనే వాలంటీర్ మమ్మల్ని అందుకున్నాడు. నా కాలు పట్టి సాగదీశాడు. ప్రాణం పోయినంత పనయింది. "సార్, మీతోని కాదు. బండ్లబాట దాంక పట్టుకొని పోత, ఆడికి జీపు వస్తది. టెంటు మూసే టైమయితుంది. అమ్మ పోతే ఇప్పుడే పోవాలె, గట్టిగ ఉరికితేనే అందుతది" అన్నాడు.

"మీరు పోండ్రి అత్తమ్మా" అన్నాను.

ఆమె కదలలేదు. చున్నీ కొస నలుపుతూ నిలబడింది. "అల్లున్ని అడవిల ఇడిసిపెట్టి పోయిందంటరు" అంది. మాట రచనతో అన్నట్టే ఉంది గానీ రచన అక్కడ లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నాతో నేరుగా మాట్లాడటం అదే మొదలు.

ఆమె కళ్లు గుట్ట మీదికే పోతున్నాయి. ఆ చూపు చూశాకే నాకు సంగతి అర్థమైంది. ఈమె నా మర్యాద కోసం ఈ రోజు కూడా జీపెక్కుతుంది. నా వెనకే కూర్చుని మెల్లగా కిందికి దిగుతుంది. ఆ ఊహే నేను తట్టుకోలేకపోయాను. తట్టుకోలేనప్పుడు నాకు వచ్చేది కోపమే కదా.

"అత్తమ్మా! ఎవరంటరు? ఎవడన్న అంటే నాతోని మాట్లాడమను! నా కోసం ఆగితే నేను మీ ఇంట్ల ఇగ ముద్ద ముట్ట! పోతరా పోరా?"

అడవంతా మారుమోగింది. ఆమె ఒక్క క్షణం బెదిరింది. తర్వాత నెత్తి మీది చున్నీ తీసింది. దాన్ని నడుముకు చుట్టి గట్టిగా ముడివేసింది. దారికి అడ్డంగా చాపిన నా కాళ్లను చూసి, "జర పక్కకు జరుగుండ్రి" అంది.

జరిగాను.

ఆమె నన్ను దాటి పరుగెత్తింది. ఎన్ని నెలలు కలిసి పరుగెత్తామో, ఆమె పరుగును నేను అప్పుడే చూశాను. ఎప్పుడూ నా వెనకే కదా, నాకేం కనబడుతుంది? రాయి నుంచి రాయికి కాలు తడబడకుండా, మోచేతులు ఆడిస్తూ, బస్సును ఆపడానికి పోతున్న పిల్లలాగే పోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నేను నొప్పితో మూలుగుతూ పిచ్చివాడిలా నవ్వాను.

"ఆమె ఎవరు సార్?" అన్నాడు రాకేశ్ నోరు తెరిచి.

"మా అత్తమ్మ" అన్నాను. ఆ మాట అంత గర్వంగా నేనెప్పుడూ అనలేదు.

జీపులో కిందికి చేరి కుంటుకుంటూ దిగేసరికి మామయ్య ఫ్లాస్కు చంకలో పెట్టుకొని తిరుగుతున్నాడు. రచన ఎప్పుడో వచ్చేసి అరటిపండు తింటోంది. నన్ను చూడగానే మామయ్య గొంతు లేచింది. "అత్తమ్మను అడవిల ఇడిసి మీరు జీపుల వచ్చిండ్రా అల్లుడా?"

"నేను ఇడువలే మామయ్యా, ఆమెనే నన్ను ఇడిసింది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

టెంటు దాటిందో లేదో ఎవరికీ తెలియదు. గుట్ట మీద ఫోన్లు పలకవు. కాసేపటికి ఇంకో జీపు వచ్చింది. రచన నా చేయి పట్టుకుంది. ముగ్గురమూ అందులోంచి దిగేవాళ్లను ఒక్కొక్కరినే చూశాం. ఇద్దరు కుర్రాళ్లు దిగారు, ఒక డాక్టరు దిగాడు, ఇంకొకాయన బూట్లు చేత్తో పట్టుకొని దిగాడు. జీపు ఖాళీ అయింది.

"లేదు! అమ్మ జీపుల లేదు!" అని రచన ఎగిరి గంతేసింది. మామయ్య మాత్రం ఇంకా పరేషానే. జీపులో లేకుంటే మరి మనిషి ఏమైనట్టని ఆయన ఫికర్.

అప్పుడు చేల మధ్య మలుపులో ఒక మనిషి కనబడింది. దుమ్ము లేపుకుంటూ వస్తోంది. జడ ఊడిపోయి వెంట్రుకలు గాలికి లేస్తున్నాయి.

"గా వచ్చేది ఎవల పిల్లనో గని, మంచిగ ఉరుకుతుంది" అన్నాడు మామయ్య.

"బాపూ, సరిగ చూడు" అంది రచన.

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. ఫ్లాస్కు కింద పెట్టి, గీత పక్కన జనానికి అడ్డంగా కట్టిన తాడు దగ్గరికి పోయి నిలబడ్డాడు. "మనామెనా? మనామెకు గిట్ల ఉరుకవస్తదా?" అని మమ్మల్ని కాదు, తనను తానే అడుగుతున్నాడు.

అత్తమ్మ నవ్వుతూ వచ్చింది. మమ్మల్ని చూసిందో లేదో తెలియదు. గీత దాటింది. చప్పట్లు మోగాయి. పతకం పట్టుకొని ఒక అమ్మాయి ఎదురు వచ్చింది. అత్తమ్మ ఆగలేదు. ఆ అమ్మాయిని తప్పించుకొని, బ్యానరు దాటి, కుర్చీలు దాటి, అదే ఊపులో ఊరివైపు రోడ్డు ఎక్కింది. "అమ్మా, అయిపోయింది! ఆగుండ్రమ్మా!" అని మైకులో అరుస్తున్నారు. పతకం అమ్మాయి వెనక పడింది. తల్లిని ఆపడానికి రచన కూడా కదిలింది.

మామయ్య రచన భుజం పట్టి ఆపాడు. ఆయన కళ్లు నిండి ఉన్నాయి.

"ఆపకే బిడ్డా," అన్నాడు. "ఎంత దూరం పోతదో పోనియ్యి."