ఆయన నంబరుకే పలికే మోటారు

తాగే నీళ్ల చెంబు చేతిలో పట్టుకుని చెబుతున్నాను... ఒక్క మాట కల్పించలేదు. నాకు సంతకమే సరిగ్గా రాదు. చెబుతున్నాను, రాసుకోండి.

మాది పాన్‌గల్ దగ్గర పల్లె. ఇది జరిగేనాటికి మా ఆయన పోయి నలభై రోజులు. ఫోన్ పక్కన లేకపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు. అందుకే మట్టిలో పెట్టేటప్పుడు మా అత్త దాన్ని ఆయన జేబులోనే ఉంచింది. "ఆడ ఒక్కడే ఎట్లుంటడు బిడ్డా?" అంది. మా బోరు మోటారు ఆ నంబరుకే పలుకుతుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

చేలో మోటారుకు సిమ్ వేసిన స్టార్టరు డబ్బా ఉంది. ఆయన ఇంట్లో మంచం మీద నుంచే దానికి ఫోన్ చేసేవాడు. డబ్బా "మోటారు ఆన్ అయింది" అని పలికి నీళ్లు వదిలేది. చేత్తో నొక్కితే నీళ్లొస్తాయి గానీ డబ్బా పలకదు. ఆయన పోయాక నేనే చీకట్లో వెళ్లి నొక్కేదాన్ని.

మా మరిది విసుక్కున్నాడు. "వదినా, డబ్బాల నంబరు మార్చాలంటే కోడ్ అన్న ఫోన్‌కే వస్తదంట. మన్నుల ఎవరు సదువుతరు, అన్ననా? ఆ నంబరు బంద్ వెట్టిద్దాం. రేపు కాయిదం మీద ఏలుముద్ర ఎయ్యి."

"గట్లనే" అన్నాను. నిద్ర మాత్రం రాలేదు. ఆ నంబరూ పోతే ఇంక ఆయనదంటూ ఏముంది...

కోడి కూయకముందే చేనుకు పోయాను. సన్నని వెన్నెల. పల్లి చేను మీద పొగలా మంచు. డబ్బా దగ్గర నిలబడి చెయ్యి చాపాను. వేలు ఇంకా తగల్లేదు...

"మోటారు ఆన్ అయింది."

చెయ్యి అలాగే ఉండిపోయింది. పైపు ఒకసారి దగ్గింది... మళ్లీ దగ్గింది... నీళ్లు నా పాదాల మీదికి వచ్చాయి. గోరువెచ్చగా.

"ఎవరయ్యా?" అన్నాను.

నా ఫోన్ తీసి ఆయన బొమ్మ నొక్కాను. స్విచాఫ్.

గట్టు మీద కూర్చున్నాను. భయమో ఏమో తెలియదు... ఒళ్లు తేలిపోతున్నట్టుంది. సాలు తర్వాత సాలు తడుస్తూ పోయింది. చివరి సాలు తడిసింది. మోటారు టక్కున ఆగింది. ఇంట్లో మంచం మీద నుంచే అంత లెక్కగా ఆపేవాడు ఆయన.

పొద్దున చెబితే మరిది నవ్వాడు. "డబ్బా ఖరాబైంది వదినా. ముద్ర ఎయ్యి."

అయ్యుండొచ్చు... నేను కాదనను. కానీ ముద్ర వేయలేదు.

మళ్లీ ఎప్పుడూ అది పలకలేదు. నేనే నొక్కుతున్నాను. నొక్కేముందు మాత్రం, చెయ్యి చాపి, జరంతసేపు ఆగుతాను.