ప్రింట్‌లోనే కనిపించే మచ్చ

దయ్యాల ముచ్చట తెస్తే నాకు ఒళ్లు మంట. గోదావరిఖనిలో పద్దెనిమిదేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఫొటోలో ఎవరిదో నీడ పడిందని వణుక్కుంటూ వచ్చినవాళ్లకు లెన్సు మీది వేలిముద్ర చూపించి పంపిన మనిషిని.

పోయినేడు మా కాలనీ మరియమ్మక్క ఒక ఫొటో తెచ్చింది. ఆమె భర్త జోసెఫన్న గనిలో బండ పడి చనిపోయి అప్పటికి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడికలో పెట్టడానికి పెద్ద ఫొటో కావాలి. ఆమె తెచ్చింది ఆయన పోవడానికి మూడేళ్ల ముందుది. షిఫ్టుకు దిగేముందు మసక వెలుతురులో ఎవరో సెల్లుతో తీశారు.

దవాఖానలో ఆయన ముఖం చూసింది ఆమె ఒక్కతే. ఇంటికి పెట్టె మూసే తెచ్చారు.

"కండ్లు మూస్తే గా మొఖమే వస్తున్నది తమ్మీ. దెబ్బ లేని మొఖం చూడాలె," అంది.

దెబ్బ ఎక్కడో నేను అడగలేదు.

ముఖం పెద్దది చేస్తే అంతా ఉప్మా రవ్వ చల్లినట్టు చుక్కలు. ఆ చుక్కల్ని, మా భాషలో నాయిస్‌ని, తగ్గించాను. మరీ తగ్గిస్తే మైనపు బొమ్మ అవుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా తగ్గించాను. తర్వాత కళ్లు, మీసం మాత్రం షార్ప్ చేశాను. స్క్రీన్ మీద జోసెఫన్న ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టున్నాడు. నాకే ముద్దొచ్చింది.

ప్రింట్ తీస్తే ఎడమ కన్ను కింద చింతగింజంత నల్లమచ్చ.

బొగ్గుమచ్చ అనుకున్నాను. గని మనుషులకు గాయంలో బొగ్గు చేరి అలాంటివి ఉండిపోతాయి. పెళ్లి ఫొటోల్లో వాటిని చెరపడం మాకు రోజూ పనే. దీన్నీ చెరుపుదామని స్క్రీన్ చూస్తే అక్కడ మచ్చ లేదు. ఎంత పెద్దది చేసినా లేదు. సెల్లు ఫొటోలోనూ లేదు. ప్రింటర్ శుభ్రం చేసి వేరేవాళ్ల పెళ్లి ఫొటో తీశాను, అద్దంలా వచ్చింది. మళ్లీ జోసెఫన్నది తీశాను. అదే చోట, అదే మచ్చ.

అక్క వచ్చి చూసి, మచ్చ మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"నీకెవరు చెప్పిండ్రు? దెబ్బ గీడనే," అంది.

ఎవరూ చెప్పలేదన్నాను. వేరే స్టూడియోలో తీయించి ఇస్తానని బతిమాలాను. ఆమె ఫొటోను కొంగులో చుట్టుకుంది.

"ఉండనియ్యి తమ్మీ. ఆనాడు భయమై సగమే చూసి తల తిప్పుకున్న. ఇప్పుడు పూర్తిగ చూస్త."

ఆ ఫైలు ఇంకా నా కంప్యూటర్‌లో ఉంది. స్క్రీన్ మీద ముఖం ఇప్పటికీ శుభ్రంగానే ఉంది. పని తెలిసిన ఇద్దరికి చూపిస్తే, ప్రింటర్ తప్పేనని ఇద్దరూ కొట్టిపారేశారు. అయితే మీరే ఒకటి తీయండి అన్నాను. ఇద్దరిలో ఒక్కరూ మౌస్ ముట్టుకోలేదు. మూడోసారి తీయడానికి నాకూ చెయ్యి రాలేదు.