చాలు అనని మనిషి

దయ్యాలంటే భయపడేవాళ్లను చూసి నవ్వేవాణ్ణి. ఎమ్మిగనూరులో ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్నాను. ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. కళ్లారా చూసింది కాబట్టి రాస్తున్నాను.

మా చిన్నాయన సైన్యంలో హవల్దారుగా చేసి, రిటైరై ఆదోనిలో ఉంటున్నాడు. ఆయన గొప్ప ఒకటి అక్కడి టీ అంగళ్లకు కంఠతా వచ్చు. యుద్ధంలో పట్టుబడిన శత్రు సైనికుడి చేత నిజం కక్కించాడట. మూడు రోజులు గుక్కెడు నీళ్లివ్వలేదు. వాడి కళ్లముందే చెంబుతో నీళ్లు నేలపాలు చేశాడు. నాలుగో రోజు వాడు తుపాకులు ఎక్కడ దాచారో చెప్పేశాడు.

"యుద్ధంలో నీతి సూస్తా కూసుంటే మనోళ్లు సచ్చిపోతారప్పా" అనేవాడు. చేతులు కట్టేసిన మనిషి మీద చూపిన మగతనం అది. వినేవాళ్లు శభాష్ అని ఇంకో టీ చెప్పేవాళ్లు. అలా చెప్పిన దద్దమ్మల్లో నేనూ ఉన్నాను.

మాది పీర్లకు మొక్కే ఇల్లు. పీర్ల పండుగ చివరి రోజు మా సొంతూరు కౌతాళంలో పీర్ల సావిడి ముందు పానకం పోస్తాం. దోసిలి పట్టినవాడు చాలు అనేదాకా పోసేవాడు చెయ్యి ఆపకూడదు. తాతల నాటి ఆనవాయితీ.

మొన్నటి పండుగకు చిన్నాయన పోస్తున్నాడు, నేను బిందెలు అందిస్తున్నాను. పట్టపగలు. ఒకతను వంగి దోసిలి పట్టాడు. ముఖం కనపడలేదు కానీ మణికట్ల మీద తాడు ఒరిసిన మచ్చలు చూశాను. తాగుతూనే ఉన్నాడు. రెండు బిందెలు అయిపోయాయి. చిన్నాయన మూడో బిందె అందుకున్నాడు.

"సాలు అనప్పా, నీకు దండం పెడతా" అని బతిమాలాడు. టీ అంగట్లో ఆ గొంతు ఎవరూ విని ఉండరు.

అతను అనలేదు. మూడో బిందె ఖాళీ అయ్యాక చూస్తే ఎదురుగా ఎవరూ లేరు.

వరుసలో ముందున్న డప్పు కొట్టే ఖాసింను అడిగాను.

"ఈడ ఎవరూ లేరు కదన్నా. మీ సిన్నాయన ఉత్త నేలకు పోస్తాంటే, అదీ మొక్కేమో అనుకుంటి" అన్నాడు.

నేల తాకి చూశాను. ఎండకు కాలుతోంది, పొడిగా ఉంది. ఒక్క చీమ కూడా లేదు.

ఇంటికొచ్చాక చిన్నాయన గోడకానుకుని కూలబడ్డాడు. వచ్చింది ఆ ఖైదీయేనన్నాడు. ఇన్నేళ్లు అడగనిది అప్పుడు అడిగాను, వాడు చెప్పింది నిజమేనా అని.

"నిజం యాడిది. ఆడ తుపాకులూ లేవు, ఏమీ లేవు. వానికేమీ తెల్దు. నీళ్ల కోసం నోటికొచ్చింది సెప్పినాడు."

"సెప్పినాకన్నా నీళ్లు ఇస్తివా సిన్నాయనా?"

"అబద్ధం సెప్పినోనికి ఎవరన్నా ఇస్తారా" అన్నాడు. అంత జరిగాక కూడా అదే తీరు. అసహ్యం వేసింది.

ఆ వచ్చింది ఎవరో, మూడు బిందెల పానకం ఎటు పోయిందో నేను ఈ రోజుకూ చెప్పలేను. కాసేపటికి చిన్నాయన నీళ్లు అడిగాడు. అడిగితే శత్రువుకైనా ఇవ్వాలి కాబట్టి ఇచ్చాను.