ఇంటి గుడ్డ

పలాసలో బండి కడిగించిన ప్రతిసారీ నేను పక్కనే నిలబడతాను. వాళ్ల నురుగు మీద నాకు నమ్మకం లేదు. వాళ్ల గుడ్డలో ఇసుక ఉంటుందని, తుడవడానికి మొన్న మా దండెం మీది మెత్తని గుడ్డ తీసుకెళ్లాను. మర్నాటికి బండి పెట్రోలు ట్యాంకు మీద రంగు మాడి మచ్చలు తేలాయి. నురుగులో యాసిడ్ కలిపావని కడిగినవాడితో గొడవపడి, టెక్కలిలో పెయింటర్ దగ్గరికి వెళ్లాను. అతను బండికి తగిలించి ఉన్న నా గుడ్డ తీసి వాసన చూశాడు.

“మీ ఇంట్లో జీడిపిక్కలు కొడతారేటి మావా?”

మా ఆవిడ కొడుతుంది. చేతికంటిన జీడి చమురు తుడుచుకునే గుడ్డ అది. ఆ చమురు తగిలితే చర్మమే బొబ్బలెక్కుతుంది.

చాలాసేపు పాలిష్ పట్టాక మచ్చలు సగం తగ్గాయి. మిగతా సగానికి మళ్లీ రంగు వేయాల్సిందేనన్నాడు. ఆఖర్న తుడవడానికి అతను తన గుడ్డ తీశాడు.

ముందు దాన్ని లాక్కుని వాసన చూశాను.