తొడ మీద రాసిన వేళ

అత్యవసర విభాగంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఆ నర్సును ఆసుపత్రిలో అందరూ నిమిషాలక్క అనేవారు. ఇంట్లోనూ ఆమెది అదే ధోరణి. పొయ్యి మీద పాలు పెట్టి గడియారం చూస్తుంటే, "పాలక్కూడా డ్యూటీ వేశావా?" అని భర్త ఆటపట్టించేవాడు. ఆమె పట్టించుకునేది కాదు. నిమిషం విలువేమిటో ఆమెకు తెలిసినంతగా ఆయనకేం తెలుసు?

కడుపులో నెత్తురు ఆగకుండా కారిపోతున్నవాళ్లకు సర్జన్ తొడ మొదట్లోని రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమనిలో బెలూన్ ఉబ్బిస్తాడు. దాంతో మిగిలిన నెత్తురంతా గుండెకూ మెదడుకూ దక్కుతుంది. దిగువనున్న మూత్రపిండాలు, పేగులు, కాళ్లు మాత్రం నెత్తురందక అలమటిస్తాయి. అరగంట దాటితే అవి తేరుకుంటాయన్న నమ్మకం లేదు. అందుకే బెలూన్ ఉబ్బించిన వేళను ఆమె రోగి తొడ మీద నల్ల మార్కర్‌తో రాసేది. ఆపరేషన్ గదిలోకి కూడా వెంటే వెళ్లి, తన చేతిగడియారం చూసి ఐదేసి నిమిషాలకోసారి గట్టిగా చెప్పేది. చిరాకుపడ్డ డాక్టర్లున్నారు గానీ, ఆమె నోరు మూయించినవాళ్లు లేరు.

ఆ మధ్యాహ్నం పైకప్పు రేకులు వేస్తూ జారిపడ్డ పనివాణ్ణి తెచ్చారు. బెలూన్ ఉబ్బించగానే ఆమె తొడ మీద 2.10 అని రాసింది. స్ట్రెచర్ కదిలేలోపే ఇంకో ప్రమాదం కేసు వచ్చిపడింది. ఆమె వెంట వెళ్లలేకపోయింది. ఆపరేషన్ గదిలోని గోడగడియారం పన్నెండు నిమిషాలు వెనక నడుస్తుందని పాతవాళ్లందరికీ తెలుసు. ఆలస్యంగా వచ్చిన ప్రతివాడూ దాని మీదికే నెపం తోసేవాడు. కొత్తగా చేరిన సర్జన్‌కు ఆ సంగతి తెలియదు. అతను తొడ మీది అంకె చూశాడు, గోడ చూశాడు, ఇంకా టైముందనుకున్నాడు. గోడ మీద రెండూ నలభై అయ్యేసరికి బెలూన్ దించాడు. అప్పటికి నలభై రెండు నిమిషాలు గడిచిపోయాయి.

మనిషి బతికాడు. మూత్రపిండాలు పోయాయి.

"బెలూన్ లేకపోతే బల్ల మీదే పోయేవాడు సిస్టర్. మనసులో పెట్టుకోకండి" అన్నాడు సర్జన్. ఆ మాట నిజమే. అయినా ఆమెకు మింగుడుపడలేదు. గడియారం సంగతి ఒక్క ముక్క చెప్పి పంపలేకపోయానే అని కుమిలిపోయింది. ఆ పనివాడు వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వస్తుంటే, రెండు నెలలు అటువైపు పోకుండా చుట్టుతిరిగి నడిచింది.

చివరికి ఒకరోజు డయాలిసిస్ గది బయట కూర్చున్న అతని భార్య దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పేసింది. ఎన్ని నిమిషాలు ఎక్కువైందని అడిగింది భార్య. పన్నెండని చెప్పింది నిమిషాలక్క.

"ఇంకో నెలలో కిడ్నీలు బాగుపడతాయని ఎదురుచూస్తున్నాడక్కా. బాగుపడవని చెప్పడానికే నాకు నోరు రావట్లేదు. ఇదెలా చెప్పను? మీరే చెప్పండి."

నిమిషాలక్క లోపలికి వెళ్లింది. తనను బతికించినవాళ్లలో ఒకరు వచ్చారని అతని ముఖం విప్పారింది. చేతికున్న గొట్టాలు కదలకుండా కాళ్లు ఓ పక్కకు జరుపుకుని, "కూర్చోండక్కా" అంటూ మంచం మీద చోటిచ్చాడు.