బొట్టు కింద లైటు

మా ట్రాలీ బండిలో స్టీరింగ్ వెనక, ఇంజిన్ బాగోలేదని చెప్పే పసుపు లైటు వానాకాలం మొదట్లో వెలిగింది. మెకానిక్ చూసి, సైలెన్సర్ పైపుకున్న ఆక్సిజన్ సెన్సార్లు రెండూ పోయాయన్నాడు. అవి చెడితే ఎంత పెట్రోల్ తీసుకోవాలో ఇంజిన్‌కు తెలియదట. నిజమే, వర్ధన్నపేట నుంచి కూరగాయలు తెచ్చే ఆ కాస్త దూరానికే బండి తాగుబోతులా తాగుతోంది. వెనక వచ్చేవాళ్ల మొహాన నల్లపొగ కొడుతోంది. మార్పిద్దామని నేను మొత్తుకుంటూనే ఉన్నాను.

"ముసలి బండికి కొత్త సోకులెందుకే? అమ్మేద్దాం. కొన్నోడే ఏసుకుంటడు తీ," అన్నాడు మా ఆయన.

దసరాకు అదే బండికి బంతిపూల దండలు, రంగురంగుల కుచ్చులు, గుమ్మడికాయ, టైర్ల కింద నిమ్మకాయలు. అప్పుడు మాత్రం బండి ముసలిది కాలేదు! పైన పటారం లోన లొటారం అని ఊరికే అన్నారా?

కొనడానికి ధర్మసాగర్ నుంచి ఒకతను వస్తానన్నాడు. నాకు తమ్ముడి వరుస. రైసు మిల్లులో బస్తాలు మోసే పని మానేసి, సొంత బండి నడుపుకోవాలని అతని ఆశ. లైటు సంగతి ముందే చెప్పాలన్నాను. మా ఆయన సరేనన్నట్టు తలూపాడు. తీరా ఆ రోజు పొద్దున చూస్తే, స్టీరింగ్ వెనక సరిగ్గా లైటు ఉండే చోట ఇంత పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. లైటు కనపడితే ఒట్టు! నాకు ఒళ్లు మండిపోయింది. మోసానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటారా?

అతను చెప్పులు విడిచి బండెక్కాడు. తాళం తిప్పే ముందు ఆ బొట్టును వేలితో తాకి కళ్లకద్దుకున్నాడు. దాన్ని తుడిచి చూడాలని అతనికి ఎందుకు తోస్తుంది? మా ఆయన ఎటో చూస్తున్నాడు. ఇక నావల్ల కాలేదు. కొంగుతో బొట్టు తుడిచేశాను.

"సూడు తమ్మీ, సెన్సార్లు పోయినయ్. పెట్రోల్ ఆగమాగం తాగుతాంది," అన్నాను.

లైటు వంక ఒక్కరూ చూడలేదు.

"శుక్రారం పూట బొట్టు తుడుస్తవానే? నీ చేతులు పడిపోను!" అని మా అత్త అరిచింది. మా ఆయనైతే నేను ఆయన చావు కోరినట్టే చూశాడు. మోసం దాచినవాళ్లు భక్తులు, నిజం చెప్పిన నేను పాపాత్మురాలిని!

అతను బండి దిగాడు. "లైటుదేముందక్కా, సెన్సార్లు నేనే మార్సుకుందును. బొట్టు తుడిసిన బండినైతే మా అమ్మ వాకిట్లకు రానియ్యది," అని వెళ్లిపోయాడు.

ఆ కబురు నాలుగూళ్లకు పాకింది. కొనేవాడు దొరక్క చివరికి సెన్సార్లు మేమే మార్పించాం. ఇప్పుడు పొగ లేదు, బండి పువ్వులా నడుస్తోంది. మొన్న మిల్లు ముందు ఆ తమ్ముడు కనపడ్డాడు. వేరే బండి దొరకలేదట.

"ఇప్పుడన్న తీస్కపో తమ్మీ, అన్నీ కొత్తయే," అన్నాను.

"వద్దక్కా," అని నవ్వి, బస్తా భుజానికెత్తుకున్నాడు.