జాజు బొట్టు పెట్టిన మీట

పొద్దున పేపర్లు చదువుతూ చాయ్ కోసం లేచి వచ్చేసరికి నా కంప్యూటర్ తెర నల్లబడి ఉంది. మా ఇంటావిడ అయితే చేతికందిన మీటనల్లా టపటపా కొట్టి వెలిగిస్తుంది. నా వేలు మాత్రం ఎడమవైపు కింద ఉండే షిఫ్ట్ మీట మీదికే పోతుంది, అదీ మెల్లగా, పండుకున్న పిల్లను లేపినట్టు. "వేరేది ముడితే కరుస్తదా ఏంది?" అని ఆమె ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది. కరుస్తుందని నాకు జడ్చర్లలో మా బావ షెడ్డులో తెలిసింది.

మాది వడ్రంగుల ఇల్లు. ఉలి పట్టకుండా పేపర్లో విలేకరిగా కుదిరినవాణ్ని నేనొక్కణ్నే. బావ అంటే మేనత్త కొడుకు. రాష్ట్రం వచ్చిన కొత్తలో, చేతి చెక్కుడుకు గిరాకీ తగ్గుతుంటే, హైవే పక్కన రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మిషన్ పెట్టాడు. పట్టెమంచమంత బల్ల మీద టేకు పలకను బిగిస్తే, పైనుంచి ఒక మోటారు, దాని కొసకు గిర్రున తిరిగే సన్నటి పన్ను, అటూ ఇటూ నడుస్తూ తామరలూ నెమళ్లూ చెక్కేవి. కంప్యూటర్ మాత్రం పాతది, ఏదో ఆఫీసులో వాడి తీసేసింది. దానికి ఆఫీసు అలవాట్లు పోలేదు. కాసేపు ఎవరూ ముట్టకపోతే తెర ఆర్పుకునేది, ఇంకాసేపటికి తానే నిద్రపోయేది. అది నిద్రపోతే మిషన్ సగం నెమలి దగ్గర నిలబడిపోయేది. "దీనికి నౌకరీ పోయినా బుద్ధి పోలె బామ్మర్దీ, పగటీలి పండుకుంటాంది" అనేవాడు బావ. చివరికి మిషన్ అమ్మినాయన ఫోన్లో చెబుతుంటే సెట్టింగుల్లోకి పోయి, ఆ నిద్రను శాశ్వతంగా తీసేశాడు. తెర ఆరిపోవడాన్ని మాత్రం అలాగే ఉంచాడు. తెర నల్లగా ఉన్నా లోపల పని సాగుతూనే ఉంటుంది, కరెంటు కొంచెం మిగిలితే మంచిదే కదా అని.

ఇక్కడ మా అత్త, అంటే బావ తల్లి, సంగతి చెప్పాలి. ఇంటి పెద్ద దర్వాజ చేసేటప్పుడు మొదటి ఉలి దెబ్బ నుంచి చివరి నునుపు దాకా పక్కన దీపం వెలుగుతూ ఉండాలనేది మా ఇళ్లలో పద్ధతి. ఆ దీపాన్ని చూసుకోవడం ఆడవాళ్ల పని. మా మామ చెక్కిన దర్వాజలన్నిటికీ నూనె పోసి, వత్తి ఎగదోసింది మా అత్తే. షెడ్డులో అది సాగలేదు. మిషన్ గాలికి దీపం నిలిచేది కాదు, పైగా ఎటుచూసినా రంపపు పొట్టు. "అంటుకుంటే షెడ్డు మొత్తం పోతది అమ్మా" అని బావ దీపాన్ని బయటికి పంపించాడు. అత్త దాన్ని ఇంటికి తీసుకుపోయింది. కానీ పని నడుస్తుండగా పక్కనున్న వెలుగు కొండెక్కితే ఆమె ప్రాణం ఊరుకోదు. తెర నల్లబడగానే లేచి పోయి, పొట్టు పడకుండా ప్లాస్టిక్ కవరు తొడిగిన మీటల్లో అంచున చేతికందే బాణం మీటను ఒకసారి నొక్కి, వెలిగాక వచ్చి కూర్చునేది. మిషన్ నడుస్తున్నప్పుడు ఆ బాణాలు పనిచేయవు. అందుకని నెలల తరబడి ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. ఎవరిదో గృహప్రవేశానికి దర్వాజ తలుపు చెక్కుతున్నారు. తామర రేకుల మధ్య పొట్టు నిండిందని బావ పనిని మధ్యలో ఆపి, మోటారు తిరుగుతుండగానే చెయ్యి పెట్టి కుంచెతో దులుపుతున్నాడు. తెర నల్లబడింది. అత్త లేచి అలవాటుగా బాణం నొక్కింది. పని ఆగి ఉన్నప్పుడు ఆ బాణాలే పన్నును నడిపిస్తాయి. అది బావ చూపుడు వేలిని రాసుకుంటూ జరిగి, రేకుల మీదుగా ఒక గాటు గీసి ఆగింది. వేలికి నెత్తురు చుక్క కనబడింది, అంతే. కానీ బావ మోటారు ఆపేసి, కుంచెను పక్కన పడేశాడు.

"ఇగ నువ్వు షెడ్డులకు రాకమ్మా" అన్నాడు.

"రాను బిడ్డా. నీ చెయ్యి సల్లగుండాలె" అంది అత్త.

గాటుపడ్డ రేకులను బావ ఉలితో లోతు చేసి సరిదిద్దాడు, తలుపు చేయించుకున్నాయన గుర్తుపట్టలేదు. అత్త మాత్రం మాట మీద నిలబడింది. మధ్యాహ్నం సద్ది గిన్నె తెచ్చి గేటు దగ్గరే పెట్టి పోయేది. పెళ్లయిన నాటినుంచి చెక్కపొట్టు వాసనలో బతికిన మనిషి, వాకిట్లో కూర్చుని హైవే మీద లారీలను చూసేది. "ఎట్లున్నవు అత్తా?" అంటే "ఏముంది అల్లుడా, పెన్షన్ ఒక్కటే తక్కువ" అంది. నవ్విందిగానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

బావకూ నచ్చలేదు. మళ్లీ సెట్టింగుల్లోకి పోయి తెర ఎప్పటికీ ఆరకుండా పెట్టి, తల్లిని పిలుచుకొచ్చాడు. ఆమె వచ్చి తన పీట మీద కూర్చుంది. తెర వెలుగుతూనే ఉంది. పొద్దంతా దానివంకే చూసి, సాయంత్రం చెంగు దులుపుకుని లేస్తూ "గిది నా పని లేకుంటనే ఎలుగుతాంది. మంచిదే" అంది. మర్నాడు రాలేదు.

ఆ తర్వాత మా బావ చేసిన పని నేను కళ్లారా చూశాను. బాణాలతో పన్ను కదలకుండా అమ్మినాయనతో కట్టుదిట్టం చేయించాడు. మోటారు ఆపకుండా చెయ్యి పెట్టనని తల్లికి మాటిచ్చాడు. నిద్రను తీసేసింది తీసేసినట్టే ఉంచి, తెరను మాత్రం మళ్లీ ఎప్పటిలా ఆరిపోయేట్టు పెట్టాడు. చెక్క మీద గీత కొట్టే దారాన్ని ముంచే ఎర్ర జాజు ఉంటుంది, దాన్ని వేలితో తీసి షిఫ్ట్ మీట మీది కవరుకు బొట్టు పెట్టాడు. ఒక్కదాన్నే నొక్కితే తెరను లేపడం తప్ప ఇంకేమీ చేయని మీట అది.

"అమ్మా, గీ బొట్టున్నదే ముట్టు. జర మెల్లగ."

అత్త కళ్లద్దాలు సవరించుకుని చూసింది. "ఇంత పెద్ద మిషన్ల నాకు గింత జాగా ఇచ్చినవా?" అంది. ఆ రోజునుంచి చివరిదాకా ఆ మీట ఆమెదే.

అత్త పోయి ఏళ్లయింది. బావ కంప్యూటర్‌ను మార్చాడు. ఇప్పుడు పనిచేసే వాళ్లకు ఆమె ఎవరో తెలియదు, అయినా కొత్త కవరు తొడిగినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మీటకు జాజు బొట్టు పెడతారు. నా కంప్యూటర్ మీద బొట్టు లేదు. ఇన్నేళ్లు గడిచినా తెర నల్లబడినప్పుడు నా వేలికి మాత్రం అది కనబడుతూనే ఉంది.